కూర్మమ్మ బడి నేల

కూర్మమ్మ మొట్టమొదట గెలిచింది పనిముట్ల పుస్తకంలో ఒక గీత మీద. పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో, తన ముప్పై ఒకటో ఏట, ఆ గీత మీద వేలిముద్ర వేయనని చెప్పి తన పేరు తెలుగులో రాసింది.

మలేషియాలో తెలుక్ ఇంటాన్‌కు ఇరవై కిలోమీటర్ల దూరంలో మా తోట. అప్పట్లో కొబ్బరి, తర్వాత పామాయిలు. పొద్దు పొడవకముందే హాజరు పిలిచేవారు. కత్తి తీసుకున్నవాళ్లు పుస్తకంలో బొటనవేలు అద్దాలి. పుస్తకం పట్టుకుని కూర్చునే గుమాస్తా కంగాణి తాతబాబు కొడుకు. కంగాణి అంటే కూలీల మీద పెత్తనం చేసేవాడు. ఆ పెత్తనం ముసలాయనతో పోయినా ఆ ఇంటివాళ్ల నడకలో మాత్రం పోలేదు.

"కూలిదానికి సంతకమేటే? బొటనేలు ఎయ్యి."

"నా పేరు నాకొచ్చు. ఏలు ఎందుకెయ్యాలి?"

గుమాస్తా ఆ కాగితం చింపేశాడు. కత్తి ఇవ్వలేదు. ఆమె ఉత్త చేతులతో పడిన కాయలు ఏరి, మర్నాడు వచ్చి మళ్లీ సంతకం పెట్టింది. మళ్లీ చింపాడు. మూడు రోజులు ఇదే వరస. నాలుగో రోజు మేనేజరు పుస్తకం తిరగేసి, కాగితాలు ఏమయ్యాయని గుమాస్తాను అందరి ముందూ నిలదీశాడు. ఆ రోజు నుంచి 'కూర్మమ్మ' అన్న సంతకం పుస్తకంలో నిలిచింది.

ఆమెకు అక్షరాలు నేర్పింది ఎవరనుకున్నారు? నేనే. పంపుహౌసు గోడ మీద బొగ్గుతో. నాకు ఆమె మేనమామ కూతురు, మరదలు వరస. నేను ఆ తోట తెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివి లెక్కల్లో మొదటివాడిగా నిలిచినవాణ్ణి. ముప్పై ఏడేళ్లు పంపు నడిపి, వానాకాలంలో ఒక్కనాడూ కాలవ పొంగనివ్వనివాణ్ణి. రామమందిరంలో తాంబూలం పిలుపు ఇరవై ఎనిమిదేళ్లుగా నా గొంతుదే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ముప్పై ఏళ్లు వచ్చేదాకా ఆమెకు అక్షరం ఎందుకు రాలేదు? దానికీ కారణం ఆ ఇల్లే.

కూర్మమ్మ రెండో తరగతిలో ఉండగా తాతబాబు ఇంట పెళ్లి జరిగింది. గిన్నెలు తోమడానికి రమ్మని ఆమె తల్లికి కబురు పెట్టారు. ఒంట్లో బాగాలేదని ఆమె వెళ్లలేదు. మర్నాడు కంగాణి చేతికర్ర పట్టుకుని బడిలోకే వచ్చాడు. మాస్టారు లేచి నిలబడ్డారు. మేమంతా లేచి నిలబడ్డాం. ఆయన పిల్లలందరినీ ఒకసారి చూసి కూర్మమ్మ దగ్గర ఆగాడు.

"మీయమ్మకి సేతులు నేవట. నీకున్నాయి గదేటే, రా."

తొమ్మిదేళ్ల పిల్ల పలక బల్ల మీద పెట్టేసి ఆయన వెనకాల నడిచింది. ఆ వారం గిన్నెలు తోమింది, పై వారం నుంచి తోటలో కాయలు ఏరింది. మళ్లీ బడి గడప తొక్కలేదు. ఆమె పక్కన కూర్చున్న నేను ఏమీ అనలేదు. ఆ రోజు నోరు మెదపనివాళ్లం నలభై ముగ్గురం.

మంచివాళ్లు క్షమిస్తారు అంటారు. మా కూలి ఇళ్ల లైనులో అంత మంచివాళ్లు పుట్టలేదు. కూర్మమ్మ ఆ మాట మరచిపోలేదు, మరచిపొమ్మని నేనూ చెప్పలేదు.

ఆ బడి పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో మూతపడింది. ఐదేళ్లకు చెదలు తిన్న గోడలు కూల్చేశారు. మందిరం పక్కన అర ఎకరం నేల మిగిలింది. మా పిల్లలు తమిళ బడికీ, మలాయ్ బడికీ పోయారు. తెలుగు వింటే అర్థమవుతుంది, అడిగితే మాత్రం తమిళంలో జవాబు చెబుతారు. అది చూసి కూర్మమ్మ రెండువేల ఒకటిలో తన ఇంటి ముందర, మోటారుసైకిలు పెట్టుకునే రేకుల కింద, చాప పరిచి శని ఆదివారాలు బడి పెట్టింది. మొదటి రోజు వచ్చింది నలుగురు. అందులో ఒకత్తె ఆమె కూతురు మాలిని.

ఆమె చేసినవి చెప్పుకుంటే చాలా ఉన్నాయి. ఇరవై నాలుగేళ్లలో నాలుగు వందల పన్నెండు మందికి అక్షరం పెట్టింది. అందులో ఒకడు క్లాంగులో పెద్ద డాక్టరు, ఇద్దరు విమానాల కంపెనీలో ఉన్నారు. మాలిని టీచరు చదువు చదివి ఇప్పుడు అదే బడిలో చెబుతోంది. తోట మూసి అందర్నీ టౌను ఇళ్లకు తరలించినప్పుడు కూడా ఆమె ఒక్క వారం బడి మానలేదు. కానీ ఆ బడికి చోటు మాత్రం దొరకలేదు. రేకుల కింద నుంచి మందిరం హాల్లోకి, అక్కడి నుంచి కోళ్ల షెడ్డులోకి, చర్చివాళ్ల వరండాలోకి, టౌనులో సైకిలు షాపు మేడ మీదికి. ఐదు చోట్లు తిరిగింది. మారిన ప్రతిసారీ పిల్లలు కొందరు తగ్గేవారు.

మందిరం హాలు పోయిన తీరు చెప్పాలి. అప్పటికి మందిరం తలైవరు, అంటే అధ్యక్షుడు, యోగేశ్వరన్. తాతబాబు మనవడు, ఆ గుమాస్తా కొడుకు. రెండువేల పద్నాలుగు జూలైలో ఒక శనివారం మేం వెళ్లేసరికి తాళం మారింది. చాపలు, పలకలు, పుస్తకాల పెట్టె బయట కాలవ గట్టున పడి ఉన్నాయి. వాన కురుస్తోంది. యోగేశ్వరన్ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

"దేవుడి సోటు ఇది. ట్యూషన్ సెంటరు గాదు లా." మాట చివర 'లా' తగిలించడం మా దేశంలో అలవాటు.

"దేవుడి ముందర అక్షరం దిద్దితే దేవుడికేటి కష్టం, తలైవరే?"

"కష్టం నాకు. పిల్లలు గోడలు పాడు సేస్తన్నారు. ఎల్లండి."

కూర్మమ్మ తడిసిన పలకలు ఒక్కొక్కటే ఏరి చీర కొంగుతో తుడిచింది. పిల్లలు చూస్తుండగానే అంది: "సరే, పోతన్నాను. మళ్లీ ఒచ్చినప్పుడు నీ నోటితోనే బడి అనిపిస్తాను."

యోగేశ్వరన్ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె సంగతి నాకు తెలుసు.

రెండువేల ఇరవై నాలుగులో తోటను ఇళ్ల కంపెనీకి అమ్మేశారు. మందిరం ఉన్న నేల మందిరానికే వదిలేస్తామన్నారు. పక్కనున్న అర ఎకరం పాత బడిదని రుజువైతే బడి కోసం శాశ్వతంగా రాసి ఇస్తారు, లేకపోతే మందిరంలో కలుపుతారు. కూర్మమ్మ, మాలిని కలిసి భూమి కార్యాలయానికి దరఖాస్తు పెట్టారు. ఆరు నెలలకు పిలుపు వచ్చింది. నేనూ వెళ్లాను. అక్కడి మలాయ్ ఆఫీసరు మర్యాదస్తుడు, మమ్మల్ని కూర్చోబెట్టి ఫైలు తెరిచి ఒక ఉత్తరం చూపించాడు. మందిరం ముద్ర, యోగేశ్వరన్ సంతకం. 'ఈ తోటలో ఏనాడూ తెలుగు బడి లేదు. ఆ నేల మొదటి నుంచీ మందిరానిదే. అక్కడ కల్యాణ మండపం కట్టదలిచాము.'

నేను ఐదేళ్లు కూర్చున్న బడి లేదట! లెక్కల్లో నాకు వచ్చిన మొదటి మార్కు ఎక్కడి నుంచి వచ్చిందట మరి?

రుజువులు వెతికాం. తోట ఆఫీసు కాగితాలు వరదలో పోయాయి. విద్యాశాఖవాళ్లు తమ దగ్గర ఏమీ లేదన్నారు. పాత విద్యార్థులం పదహారు మందిమి వేలిముద్రలూ సంతకాలూ పెట్టి ఇచ్చాం. ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. మీరంతా దరఖాస్తుదారులే, అవతల ఉన్నది మందిరం అధ్యక్షుడి మాట, ఆయనే బడి ఉందని నా ముందు చెబితే రాసుకుంటాను అన్నాడు.

బయటికి వచ్చి నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కూర్మమ్మ మాత్రం మెట్ల మీద కూర్చుని ఐస్ కచాంగ్ అనే తురుము ఐసు తినే పిల్లలా ప్రశాంతంగా ఉంది.

"బావా, రామనవమికి మొదటి తాంబూలం ఎవులికి పిలుస్తావు?"

"తాతబాబు ఇంటికి. నీకు తెల్దా?"

"ఏటని పిలుస్తావు?"

నేను చెప్పబోయి ఆగిపోయాను. అప్పుడు అర్థమైంది.

మా మందిరంలో ఒక వాడుక ఉంది. సీతారాముల కల్యాణం అయ్యాక మొదటి తాంబూలం ఇచ్చే ముందు, ఆ ఇల్లు ఏ పని చేసిందో మూడుసార్లు పిలవాలి. ఇంటి పెద్ద ముందుకొచ్చి 'ఔను, మాదే' అని పలికితేనే పళ్లెం ఇస్తారు. మూడో పిలుపుకీ పలకకపోతే తాంబూలం రెండో ఇంటికి పోతుంది. ఒకసారి పోతే మళ్లీ రాదు. డెబ్బై ఏళ్లుగా మొదటి పిలుపు ఒకటే: 'బడి కట్టించి మన పిల్లలకు అక్షరం పెట్టించిన తాతబాబు కంగాణి ఇంటివారికి!'

కట్టించాడని అంటారు గానీ, కట్టింది మా నాన్నా, కూర్మమ్మ నాన్నా, లైనువాళ్లు పద్దెనిమిది మంది. ఆదివారాలు చెక్కలు మోసి, ఆకు కప్పి కట్టారు. తాతబాబు చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు. పేరు మాత్రం ఆయనకు దక్కింది. ఆ దొంగపేరును ఇరవై ఎనిమిదేళ్లు నా నోటితో నేనే మోశాను.

రెండువేల ఇరవై ఐదులో రామనవమి ఏప్రిల్ ఆరు, ఆదివారం. రంజాన్ ఉపవాసాలు ముగిసిన వారం. కూర్మమ్మ వెళ్లి ఆఫీసరునూ ఆయన భార్యనూ కల్యాణం చూడటానికి పిలిచింది. ఆ మాట యోగేశ్వరన్‌కు చేరితే కోపం వస్తుందనుకున్నాను. ఆయన పొంగిపోయాడు. తన మండపం నేల చూడటానికే ఆఫీసరు వస్తున్నాడనుకున్నాడు. బాటిక్ చొక్కా వేసుకుని, ఆఫీసరుకు పూలదండ వేసి, ముందు వరసలో కుర్చీలు వేయించాడు. అప్పటికే ఆ అర ఎకరం చుట్టూ సిమెంటు రాటలు పాతి తీగ లాగేశాడు కూడా. ఇరవై ఆరు రాటలు. ఆ గర్వం చూడాలి!

కూర్మమ్మ ఆఫీసరు భార్య పక్కన కూర్చుంది. పానకం ఏమిటో, వడపప్పు ఏమిటో, తలంబ్రాలు ఎందుకో అన్నీ మలాయ్‌లో చెబుతోంది. ఆఫీసరు కూడా చెవి పెట్టి వింటున్నాడు.

తలంబ్రాలు అయ్యాయి. తాంబూలం పళ్లెం వచ్చింది. నేను మైకు పట్టుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు పిలిచాను గానీ, ఆ రోజు పిలిచినట్టు ఎన్నడూ పిలవలేదు.

"బడి కట్టించి... మన పిల్లలకు అక్షరం పెట్టించిన... తాతబాబు కంగాణి ఇంటివారికి మొదటి తాంబూలం! ఒకటో పిలుపు!"

యోగేశ్వరన్ కండువా సర్దుకుంటూ లేచాడు. కూర్మమ్మ ఆ పిలుపును మలాయ్‌లో ముక్క ముక్కగా చెప్పింది. ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, యోగేశ్వరన్ వైపు తిరిగాడు. ఆ చూపు చూశాక యోగేశ్వరన్ కాలు ముందుకు పడలేదు. చెమటకు బాటిక్ చొక్కా వీపుకు అతుక్కుంది.

నేను తొందరపడలేదు. మంచినీళ్లు తాగాను.

"రెండో పిలుపు!"

ఆడవాళ్ల వైపు నుంచి యోగేశ్వరన్ తల్లి పోలమ్మ గొంతు లేచింది. ఎనభై ఆరేళ్లు, చెవులు సరిగా వినిపించవు గానీ నోరు మాత్రం గట్టిది. కొడుకు రాసిన ఉత్తరం సంగతి ఆమెకు తెలియదు.

"ఏట్రా అలా నిలుసున్నావు? కాళ్లకి తిమ్మిరెక్కిందేటి?"

"అమ్మా, ఊరుకో."

"ఊరుకోడానికి నీయబ్బ సొమ్మా ఇది? మీ తాత సొమ్ము! మూడో పిలుపు పోతే ఆ కుగన్ గాడి ఇంటికి పోద్ది!"

రెండో ఇంటి పెద్ద కుగన్. అప్పటికే సగం లేచి పంచె సవరించుకుంటున్నాడు. "అత్తా, మీకు ఒద్దంటే మాకు సమ్మతమే లా," అన్నాడు. జనం నవ్వారు.

"కూకోరా ఎదవా!" అంది పోలమ్మ. "ఒరే యోగీ, బడి కట్టించింది మన తాతా, ఆడి తాతా? సెప్పు!"

నేను మైకు దగ్గరికి తెచ్చుకుని ఊపిరి తీసుకున్నాను. ఆ ఊపిరి చాలా పొడుగ్గా తీసుకున్నాను.

"మూడో..."

"ఔను," అన్నాడు యోగేశ్వరన్. "మాదే. మా తాతే కట్టించినాడు."

పళ్లెం ఆయన చేతికి వెళ్లింది. ఆఫీసరు లేచి ముందుకొచ్చి మలాయ్‌లో మెల్లగా అడిగాడు, చాలా మంచి పని, ఆ బడి ఎక్కడ ఉండేది అని. పళ్లెం రెండు చేతుల్లో ఉంది కాబట్టి యోగేశ్వరన్ గడ్డంతో కిటికీ అవతలికి చూపించాడు. అక్కడ ఆయన పాతిన రాటలు ఎండకు మెరుస్తున్నాయి. ఆఫీసరు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. ఆ వారమే కార్యాలయానికి పిలిపించి అదే మాట కాగితం మీద సంతకంతో తీసుకున్నాడు. తల్లి ముందూ, ఊరి ముందూ ఒప్పుకున్న మాటను కాదనడానికి యోగేశ్వరన్‌కు దారి లేదు.

ఆ రోజు భోజనాల్లో పులిహోర నాకు అంత రుచిగా ఎన్నడూ లేదు. కానీ ఇంటికి వచ్చాక ఒక సంగతి గుచ్చుకుంది.

"మరదలా, ఇప్పుడు సర్కారు కాగితంలో కూడా బడి తాతబాబే కట్టినట్టు ఎక్కింది. మీ నాన్న చెక్కలు మోసినాడు. మా నాన్న భుజం మీద ఆ మోత మచ్చ సచ్చేదాకా ఉంది."

"అబద్దం ఆలది, నేల మనది, బావా. ఏటి కావాలి నీకు?"

"రెండూ కావాలి."

"మరైతే బతికుండు. ఒకటైంది గదా."

నవంబరులో ఉత్తరం వచ్చింది. అర ఎకరం, తెలుగు పిల్లల బడి నిమిత్తం, శాశ్వతంగా. మాలిని చదువుతూ రెండుసార్లు ఆగి కళ్లు తుడుచుకుంది. కూర్మమ్మ ఏడవలేదు. ఉత్తరం చివర ఒక షరతు ఉంది. రెండువేల ఇరవై ఆరు ఏప్రిల్ ఇరవై, సోమవారం, సర్వేవాళ్లు వచ్చి హద్దురాళ్లు వేసి నేల అప్పగిస్తారు. ఆ రోజుకు నేల మీద మరొకరి కట్టడం ఏదీ ఉండకూడదు. ఉంటే అప్పగింత ఆగిపోతుంది, ఫైలు మళ్లీ మొదటికి వస్తుంది.

యోగేశ్వరన్ రాటలు ఇరవై ఆరు.

నాలుగు నెలలు ఆయన ఆ రాటల జోలికి పోలేదు. ఫైలు మొదటికి వస్తే చాలని ఆయన లెక్క. ఒక మనిషిని పెట్టి మనమే పీకించేద్దాం అన్నాను నేను. కూర్మమ్మ ఒప్పుకోలేదు. "ఏసినోడే పీకాలి," అంది. మార్చి చివర యోగేశ్వరన్ ఇంటికి వెళ్లింది, నన్ను తోడు తీసుకుని. పోలమ్మ లోపల టీవీ చూస్తోంది. కూర్మమ్మ వాకిట్లోనే నిలబడి సంచీలోంచి ఆ పాత ఉత్తరం నకలు తీసింది, 'ఏనాడూ తెలుగు బడి లేదు' అన్నది.

"తలైవరే, ఇది మీయమ్మకి సదివి ఇనిపించినావా?"

యోగేశ్వరన్ లోపలికి ఓసారి తొంగి చూశాడు. "మెల్లిగా మాటాడు."

"నేను పోతన్నాను. సుంగై పెటానీ ఊర్లో మనోలు బడి నేల కోసం తిరగతన్నారు, ఎలాగ సేసినావో ఒచ్చి సెప్పమన్నారు. మూడు వారాలుంటాను. నేనొచ్చేసరికి ఒక్క రాట మిగిలినా, మీయమ్మ పక్కన కూకుని ఇది గట్టిగా సదువుతాను. ఆవిడకి సెవుడు గదా. ఈది ఈదంతా ఇనాల."

"అంత పగేటి నీకు, కూర్మమ్మా? ఎప్పుడో అయిపోయిన మాటలు."

"నీకు అయిపోయినాయి. నాకు అవ్వనేదు."

మార్చి ఇరవై తొమ్మిదిన బస్సెక్కింది.

ఆ మర్నాడే యోగేశ్వరన్ గునపం పట్టుకుని నేలలోకి దిగాడు. ఆ నేల మెత్తన, వానలకు మిషను దింపితే కూరుకుపోతుంది. మనుషులను పెడితే ఎందుకు పీకిస్తున్నావని అడుగుతారు, ఆ ఉత్తరం సంగతి తల్లిదాకా పోతుంది. అందుకని ఒక్కడే తవ్వుతున్నాడు. బడి కోసం ఉపకారం చేస్తున్నానని తల్లికి చెప్పుకున్నాడట. ఆవిడ మురిసిపోయి మధ్యాహ్నం మజ్జిగ పంపిస్తోంది.

నేను రోజూ సాయంత్రం మోటారుసైకిలు మీద అటే వెళ్తాను. దారి అది కాదు, చూడటానికే వెళ్తాను. గట్టు మీద బండి ఆపి రాటలు లెక్కపెడతాను. లెక్కల్లో మొదటివాణ్ణని చెప్పాను కదా. ఇవాళ ఏప్రిల్ తొమ్మిది. పదిహేను పడిపోయాయి, పదకొండు మిగిలాయి. సిమెంటు లోతుగా పోయించాడు పాపం, కలకాలం ఉండాలని. అరచేతులకు గుడ్డలు చుట్టుకున్నాడు.

నన్ను చూసి గునపం ఆపాడు. అరవై ఏళ్ల మనిషి, రొప్పుతున్నాడు.

"మావా, నువ్వొక మాట సెప్తే ఇంటాది. నాలుగు రోజులు ఎక్కువ ఇమ్మని అడుగు."

"నేను సెప్తే ఇంటే, నేనిక్కడ ఎందుకు నిలుసుంటాను?"

"పోనీ ఎప్పుడొస్తాదో అదైనా సెప్పు. సరిగ్గా సెప్పు లా. మాలినిని అడిగితే నవ్వి ఊరుకుంటంది."

సరిగ్గానే చెప్పాను. బస్సు టికెట్టు తీసింది నేనే.

"ఏప్రిల్ పంతొమ్మిది, ఆదివారం."